సీసా నిండుగా ఉందని నమ్మకండి

(తిరుపతిలో ఒక కాలనీ గ్రంథాలయంలో, వేసవి శిబిరానికి వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో బుట్ట చూసి ఇందులో కుందేలు ఉందని పిల్లలంతా ముందు వరుసలోకి వచ్చేశారు. లేదమ్మా, తీసుకురాలేదు. మా ఇంటి నుంచి ఇక్కడికి ఆటోలో ఇరవై నిమిషాలు. పొద్దున ఏడున్నరకు బయల్దేరేటప్పుడు ఫర్వాలేదు గానీ, తిరిగి వెళ్లేసరికి పది అవుతుంది. ఏప్రిల్ చివర్లో మన ఊళ్లో పదింటి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో, ఆ సెగలో, బుట్టలో కుందేలును పెట్టుకుని తిరగడం తప్పు. మిమ్మల్ని ఆ పని చేయొద్దని చెప్పడానికి వచ్చి నేనే చేయలేను కదా. అందుకని దాని బదులు నాలుగు వస్తువులు తెచ్చాను. ఒక రాచిప్ప, కుందేలు పంజరానికి తగిలించే నీళ్ల సీసా, టవల్లో చుట్టిన గడ్డకట్టిన నీళ్ల బాటిల్, ఒక కడప రాయి పలక. ఒక్కొక్కటీ చూపిస్తాను.

ముందు ఈ సీసా సంగతి.

నేను పశువైద్యం రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, చిత్తూరులో మా ఇంట్లో ఒక తెల్ల కుందేలు ఉండేది. పేరు దూది. మా నాన్న మేడమీద రేకుల గది పక్కన దానికి పంజరం కట్టించారు. నేను సెలవులకు వెళ్లినప్పుడల్లా దానితోనే ఉండేదాన్ని. అది మే నెల. పంజరానికి ఇలాంటి సీసానే తగిలించాం. కింద ఈ గొట్టం చూడండి, చివర్లో చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. కుందేలు నాలుకతో గోళీని లోపలికి నెడితే నీళ్లు చుక్క చుక్కగా వస్తాయి. అమ్మ రోజూ పొద్దున చూసి, "సీసా నిండుగానే ఉంది, దానికి కావలసినన్ని నీళ్లున్నాయి" అనేది. నేనూ చూసి అదే అనుకున్నాను. మూడో రోజు దూది ఒక మూల ముడుచుకుని కూర్చుంది. క్యారెట్ పెట్టినా వాసన చూడలేదు. మరుసటి రోజు పొద్దునకు చనిపోయింది. తర్వాత సీసా విప్పి చూశాను. గొట్టం లోపల తెల్లటి ఉప్పు పేరుకుని గోళీ బిగుసుకుపోయింది. వేలితో గట్టిగా నొక్కితే గానీ కదల్లేదు. మూడు రోజులు ఆ సీసా నిండుగా ఉండటానికి కారణం అదీ. నీళ్లు ఉండటాన్ని చూసి సంతోషపడ్డాం, ఎందుకు తగ్గడం లేదని ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు.

ఇప్పటికి ఎన్నో కుందేళ్లను చూశాను. వేసవిలో నా దగ్గరికి తెచ్చేవాళ్లలో ఎక్కువ మంది మొదట చెప్పే మాట, "మేడం, నీళ్లు పెట్టాం". పెట్టారు, నిజమే. ఎన్ని తాగింది? దానికి జవాబు ఉండదు. నీళ్లు పెట్టడం వేరు, అది తాగడం వేరు. ఈ రోజు నేను మీకు చెప్పాలనుకున్నదంతా ఆ రెండింటి మధ్యలోనే ఉంది.

ఎండకు మనకు చెమట పడుతుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంది. కుందేలుకు ఈ రెండూ సరిగ్గా లేవు. చెమట గ్రంథులు పెదవుల దగ్గర మాత్రం కొన్ని ఉంటాయి. నోటితో రొప్పడం దానికి చేతకాదు, ఎందుకంటే అది ముక్కుతోనే ఊపిరి తీసుకునే జీవి. మరి ఒంట్లో వేడి ఎలా పోతుంది? చెవుల ద్వారా. దాని ఒంటి మీది మొత్తం చర్మంలో దాదాపు 12 శాతం చెవులే. చెవిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే లోపల రక్తనాళాలు ఆకు ఈనెల్లాగా కనిపిస్తాయి. వేడెక్కినప్పుడు ఆ నాళాలు వెడల్పవుతాయి, ఒంట్లో వేడి నెత్తురు చెవుల్లోకి వచ్చి, బయటి గాలికి చల్లారి, తిరిగి లోపలికి వెళ్తుంది. బైకు ఇంజనుకు రేడియేటర్ లాగా.

ఇక్కడ ఒక్క చిక్కుంది. కుందేలు ఒంటి వేడి మామూలుగానే 38.5 నుంచి 40 డిగ్రీల దాకా ఉంటుంది. బయటి గాలి 20 డిగ్రీలుంటే చెవులు హాయిగా పని చేస్తాయి. గాలే 40 డిగ్రీలైతే చెవుల్లోంచి వేడి ఎక్కడికి పోతుంది? పోదు. అప్పుడు ఎదురు, బయటి వేడే లోపలికి వస్తుంది. తిరుపతిలో మే నెలలో 40 దాటడం మనకు కొత్త కాదు. మన చిత్తూరు వైపు కత్తిరి అంటాం, ఆ తర్వాత రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఆ రోజుల్లో దానికి మిగిలే దారి ఒక్కటే, ఊపిరితో తేమను బయటికి పంపడం. ఆ తేమ ఎక్కడి నుంచి రావాలి? తాగిన నీళ్ల నుంచే రావాలి.

ఇక్కడ పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "మన శేషాచలం అడవిలో చెవులపిల్లులు ఎండలో బతకడం లేదా?" అని. బతుకుతున్నాయి. కానీ మన అడవిలో తిరిగే చెవులపిల్లి వేరే జాతి. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది, మన ఎండకే పుట్టింది. మీ ఇంట్లో ఉన్నది యూరప్ కుందేలు. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలలో బొరియలు తవ్వుకుని ఎండవేళంతా ఆ చల్లదనంలో పడుకునేవి. మన దగ్గర పెంచే సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ లాంటి రకాల మీద పరిశోధన చేసే కేంద్రం కూడా కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో, కొండమీద చల్లటి చోటే ఉంది. బొరియలోకి పోయే జంతువును తెచ్చి మేడమీద ఇనుప పంజరంలో పెడితే అది ఎక్కడికి పోతుంది? అన్నట్టు, అడవి చెవులపిల్లిని పట్టుకొచ్చి పెంచడం చట్టప్రకారం నేరం. ఎవరైనా అమ్మకానికి తెస్తే కొనకండి.

ఎన్ని నీళ్లు కావాలి? కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. రెండు కిలోల కుందేలు వేసవిలో రెండు మూడు టీ గ్లాసుల నీళ్లు తాగాలని లెక్క పెట్టుకోండి. అంత చిన్న జంతువుకు అది చాలా ఎక్కువ.

కొలవడం ఎలాగో చెప్తాను, ఇది కాస్త శ్రద్ధగా వినండి. ఇదిగో రాచిప్ప. మన ఇళ్లల్లో పులుసు పెట్టుకునేది. బరువుగా ఉంటుంది కాబట్టి కుందేలు కాలు వేసినా బోర్లా పడదు. రాయి కాబట్టి నీళ్లు తొందరగా వేడెక్కవు. రాచిప్ప లేకపోతే బరువైన పింగాణీ గిన్నె ఏదైనా సరే. సీసా కంటే గిన్నెలో పెడితే కుందేళ్లు ఎక్కువ తాగుతాయి, తల వంచి గటగటా తాగడం దానికి సహజం. గొట్టం దగ్గర చుక్క చుక్కగా నాకడం దానికి కష్టం. పొద్దున పిల్లల మందు కొలిచే కప్పుతోనో, పాల సీసాతోనో 300 మిల్లీలీటర్లు కొలిచి గిన్నెలో పోయండి. సాయంత్రం మిగిలింది మళ్లీ కొలవండి. తేడా ఎంతో అదే తాగింది.

పూర్తిగా అదే కాదు. మన ఎండకు నీళ్లు గిన్నెలోంచి ఊరికే ఇగిరిపోతాయి కూడా. అందుకని అలాంటిదే ఇంకో గిన్నెలో అన్నే నీళ్లు పోసి, కుందేలుకు అందకుండా పంజరం పక్కనే పెట్టండి. సాయంత్రం అందులో ఎంత తగ్గిందో, అంత ఇగిరిందని అర్థం. మొదటి గిన్నెలో తగ్గిన దాంట్లోంచి అది తీసేయండి. ఒక్క మూడు రోజులు ఇలా చేస్తే మీ కుందేలు మామూలుగా ఎంత తాగుతుందో మీకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏ రోజు తగ్గినా చూడగానే తెలుస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగించండి. మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి క్యాలెండర్ మీద పాల లెక్క రాసినట్టు రోజూ రాస్తుంది. ఆ కాగితం నాకు సగం వైద్యం.

సీసా అసలు వాడొద్దని నేను అనను. గిన్నెతో పాటు అదీ ఉంచండి, ఒకటి పోతే ఒకటి ఉంటుంది. కానీ రోజూ పొద్దున వేలు పెట్టి గోళీ నొక్కి చూడండి, వేలు తడవాలి. సీసా లోపల పట్టే పచ్చటి జిగురును వారానికోసారి బ్రష్‌తో కడగండి. ఎండ తగిలే వైపు తగిలించొద్దు, ఆ ఇనుప గొట్టం కాలుతుంది, కాలిందంటే అది ఇక మూతి పెట్టదు. ఇంకో సంగతి, నీళ్ల రుచి మారితే కొన్ని కుందేళ్లు తాగవు. బోరు నీళ్లు తాగే దానికి హఠాత్తుగా క్యాన్ నీళ్లు పెట్టినా, క్యాన్ నీళ్లు తాగేదానికి బోరు నీళ్లు పెట్టినా మొహం తిప్పుకోవచ్చు. ఊరు వెళ్లేటప్పుడు ఇంటి నీళ్లు ఒక బాటిల్ వెంట తీసుకెళ్లండి.

నీళ్లు తగ్గితే ముందు దెబ్బతినేది పొట్ట. కుందేలు పొట్ట ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, ఆగకూడదు. అది గడ్డి తింటుంది, పీచు తింటుంది. దానికి నీళ్లు తోడవకపోతే లోపలున్నది ఎండి గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి, నొప్పి వస్తే తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగు కదలిక ఇంకా తగ్గుతుంది, గ్యాస్ నిండుతుంది. మనలాగా వాంతి చేసుకుని బయటపడే వీలు కూడా దానికి లేదు. దూదికి జరిగింది అదే అని చదువు పూర్తయ్యాక నాకు అర్థమైంది.

అందుకని పెంటికలు చూడండి. పిల్లలు నవ్వుతున్నారు గానీ, ఇది నేను చెప్పే ముఖ్యమైన మాట. ఆరోగ్యంగా ఉన్న కుందేలు పెంటికలు బఠాణీ గింజంత, గుండ్రంగా ఉంటాయి, నలిపితే లోపల పొడి పొడి గడ్డి కనిపిస్తుంది. నీళ్లు చాలకపోతే అవి చిన్నవవుతాయి, మిరియాల్లాగా గట్టిగా, నల్లగా, తక్కువగా పడతాయి. మిరియాలు కనిపించిన రోజే మేల్కోవాలి. పన్నెండు గంటలు తినకుండా, పెంటిక వేయకుండా ఉంటే అది ఎమర్జెన్సీ. "రేపు చూద్దాం" అనొద్దు.

మూత్రం కూడా చూడండి. కుందేలు తిన్న సున్నం, అంటే క్యాల్షియం, ఎక్కువైంది మూత్రంలోనే పోతుంది. అందుకని వాటి మూత్రం మామూలుగానే కాస్త మబ్బుగా ఉంటుంది. కొన్నిసార్లు తిన్న ఆకుల రంగుకు ఎర్రగా కూడా వస్తుంది, అది చూసి చాలామంది నెత్తురని భయపడి ఫోన్ చేస్తారు. అలా వచ్చి పోతూ, కుందేలు హుషారుగా తిరుగుతుంటే టెన్షన్ పడక్కర్లేదు. పోసేటప్పుడు ముక్కుతూ అవస్థ పడుతున్నా, చిక్కగా సున్నం పేస్టులా వస్తున్నా మాత్రం తీసుకురండి. నీళ్లు చాలకపోతే ఆ సున్నం మూత్రపు సంచిలోనే పేరుకుంటుంది.

నీళ్లు గిన్నెలోంచే పోవాలని లేదు, తిండిలోంచి కూడా పోతాయి. గరిక, పచ్చగడ్డి కడిగి, నీళ్లు విదిలించకుండా తడితడిగానే పెట్టండి. కొత్తిమీర, పుదీనా కొంచెం. పుచ్చకాయ ముక్క చిన్నది ఒకటి, అదీ అప్పుడప్పుడే, అందులో చక్కెర ఎక్కువ. దానికంటే పుచ్చకాయ తొక్క మేలు. మన దగ్గర శెనక్కాయ చెట్లు దొరుకుతాయి కదా అని రోజూ అవే వేస్తుంటారు. ములగాకు కూడా అంతే. రెండింటిలోనూ సున్నం ఎక్కువ, వేసవిలో నీళ్లు చాలని కుందేలుకు అది మంచిది కాదు. ఎప్పుడైనా గుప్పెడు వేయండి, అదే తిండి చేయొద్దు. మార్కెట్ ఆకుకూర ఏదైనా బాగా కడగాలి, మందు కొట్టి ఉంటారు. అన్నం, రొట్టె, బిస్కెట్ పెట్టొద్దు. ఎండవేళ అది ఎలాగూ తినదు, తెల్లవారుజామున, చీకటి పడ్డాక తింటుంది. గడ్డి ఆ వేళలకు పెట్టండి.

ఇక చోటు. మేడమీద రేకుల కింద కుందేలును ఉంచొద్దు. ఎంత నీడ ఉన్నా వద్దు. రేకు పైనుంచి, సిమెంటు నేల కింద నుంచి కాలుస్తాయి, రాత్రి పది దాటినా ఆ నేల చల్లారదు, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. నీడ ఉందని పొద్దున చూసి వెళ్లిన బాల్కనీలోకి మధ్యాహ్నం మూడింటికి ఎండ వస్తుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది ఏదో ఆలోచించండి. సాధారణంగా కింది అంతస్తులో ఉత్తరం వైపు గది. కుందేలుకు హాయిగా ఉండేది 20 డిగ్రీల చుట్టుపక్కల. మనకు అది కుదరదు. కానీ 28 దాటినప్పటి నుంచి దాన్ని గమనిస్తూ ఉండాలి. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ కొనండి, కుందేలు ఉండే ఎత్తులో, అంటే నేల దగ్గర పెట్టండి.

ఈ కడప రాయి పలక ఇందుకే తెచ్చాను. వంటగది గట్టు వేసినప్పుడు మిగిలిన ముక్క. రాత్రంతా చల్లటి చోట ఉంచి పొద్దున పంజరంలో పెడితే కుందేలు పొట్ట ఆనించి దానిమీద పడుకుంటుంది. పిల్లలూ, ఒకసారి అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా ఉంది కదా, ఫ్రిజ్‌లో పెట్టలేదు. గడ్డకట్టిన బాటిల్ కూడా బాగా పనికొస్తుంది, కానీ ఇలా టవల్లో చుట్టాలి, ఊరికే పెడితే చర్మానికి మంచిది కాదు, ప్లాస్టిక్ కొరుకుతుంది కూడా. బాటిల్ ఒక పక్కనే పెట్టండి, చల్లదనం వద్దనిపిస్తే జరిగిపోవడానికి చోటుండాలి. వెడల్పాటి మట్టికుండ అడ్డంగా పడుకోబెట్టి పైన తడిపితే, అదే దాని బొరియ అవుతుంది.

ఫ్యాన్ గురించి చాలామంది పొరపాటు పడతారు. ఫ్యాన్ మనకు చల్లగా ఉండేది చెమట ఆరుతుంది కాబట్టి. చెమటే లేని కుందేలుకు ఫ్యాన్ వేడి గాలినే కొడుతుంది. చెవులు తడిపి ఫ్యాన్ వేస్తే ఉపయోగం. ఏప్రిల్, మే పొడి ఎండలకు కూలర్ బాగా పని చేస్తుంది, కిటికీ తెరిచి ఉండాలి. వానకు ముందు ఉక్కపోసే రోజుల్లో కూలర్ గదిని ఇంకా ఉక్కగా చేస్తుంది, అప్పుడు కట్టేయండి. వైర్లు అందకుండా పెట్టండి, దాని పళ్లకు వైరు గడ్డిపరకతో సమానం. స్నానం చేయించొద్దు. జుట్టు రాలే రోజుల్లో దువ్వండి. అంగోరా లాంటి బొచ్చు కుందేలైతే వేసవికి ముందే కత్తిరించాలి, చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఈగల గురించి ఒక మాట. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోపే పురుగులు పడతాయి. రోజూ ఎత్తి చూడండి. గోమార్లు పడ్డాయని కుక్కకు వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు వేయొద్దు, అది దానికి విషం.

ఎండదెబ్బ తగిలితే ఎలా తెలుస్తుంది? చెవులు ఎర్రగా, ముట్టుకుంటే కాలుతున్నట్టు ఉంటాయి. ముక్కుపుటాలు పెద్దవి చేసి వేగంగా ఊపిరి తీస్తుంది. మూతి చుట్టూ తడి. నడిస్తే తూలుతుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే నిమిషాల మీద ఉందని అర్థం. వెంటనే చల్లటి గదిలోకి తీసుకెళ్లండి. మామూలు కుండ నీళ్లతో చెవులు తడపండి, తడి గుడ్డ పాదాలకు, ఒంటికి తగిలించండి. ఐసు నీళ్లు వద్దు, బకెట్‌లో ముంచొద్దు, ఆ షాక్‌కే ప్రాణం పోవచ్చు. నీళ్లు మూతి దగ్గర పెట్టండి, తాగితే తాగనివ్వండి. స్పృహ సరిగ్గా లేనిదానికి సిరంజితో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త తేరుకుందని ఇంట్లోనే ఉంచేసుకోకండి, లోపల జరిగిన నష్టం మరుసటి రోజు బయటపడుతుంది. ముందు ఫోన్ చేసి, తడి గుడ్డతో తీసుకురండి. 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది, వైద్యం అందని చోట మనం లేము. ఆలస్యం మాత్రం మన చేతుల్లో ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మజ్జిగ పోయొచ్చా మేడం?)

వద్దమ్మా. వేసవిలో ఇంటికొచ్చిన వాళ్లందరికీ మజ్జిగ ఇచ్చే ఊరు మనది, ఆ మనసు నాకు తెలుసు. కానీ ఎదిగిన కుందేలు పొట్టకు పాలు, పెరుగు, మజ్జిగ పడవు. గ్లూకోజ్ నీళ్లు కూడా మీ అంతట మీరు పోయొద్దు. మంచినీళ్లు చాలు.

(ఒక అబ్బాయి: నీళ్లలో ఐసు ముక్క వేయొచ్చా?)

ఒకటి వేయొచ్చు నాన్నా. కుండలో నీళ్లు పోస్తే ఇంకా మంచిది.

(ఒకాయన: మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం. మధ్యాహ్నం కరెంటు పోతే?)

అందుకే ఏసీ ఒక్కదాన్నే నమ్ముకోకండి సార్. రెండు గిన్నెల నీళ్లు, రెండు చోట్ల. రెండు బాటిళ్లు రాత్రే ఫ్రీజర్లో పెట్టి పొద్దున ఒకదానికి టవల్ ఒక మడత, ఇంకోదానికి మూడు మడతలు చుట్టి పెట్టండి, రెండోది నిదానంగా కరుగుతుంది. కడప రాయి ఎలాగూ ఉంటుంది. పక్కింటివాళ్లకు ఒక తాళంచెవి ఇచ్చి, రెండింటికి ఒక్కసారి తొంగి చూడమనండి. మే నెలలో ఆ ఒక్క చూపు చాలా విలువైనది.

(ఒక పాప: మా చెవులపిల్లి కాళ్లు చాచి పడుకుంటే చచ్చిపోయినట్టా?)

లేదు బంగారూ. హాయిగా ఉన్నప్పుడు, ఒళ్లు చల్లబరచుకోవడానికీ అలా చాచి పడుకుంటుంది. దగ్గరికి వెళ్లి ముక్కు చూడు. నెమ్మదిగా అదురుతూ, పిలిస్తే చెవి తిప్పితే బాగానే ఉన్నట్టు. పిలిచినా కదలక, పక్కలు ఎగిరెగిరి పడుతుంటే అమ్మను పిలువు. సరేనా?

తొమ్మిదిన్నర అయింది. తూర్పు వైపు బాల్కనీలో పంజరం ఉన్నవాళ్లు ముందు బయల్దేరండి, ఎండ ఇప్పటికే దానిమీదికి వచ్చి ఉంటుంది. మిగతావాళ్లు ఉండండి, ఈ సీసా గోళీ ఎలా నొక్కి చూడాలో ఒక్కొక్కరి చేత చేయిస్తాను.